ఇంటర్‌స్టెల్లార్: డాయిల్ చావుకు బాధ్యులెవరు?

గోదావరిగట్టు:
2014 నాటి అంతరిక్ష సినిమా ‘ఇంటర్‌స్టెల్లార్’ 2025 ఫిబ్రవరిలో మళ్లీ విడుదలైనప్పుడు పెద్ద తెర మీద చూశాను. మనుషులు బతకగల కొత్త గ్రహం కోసం వెతుకుతూ వెళ్లిన వ్యోమగాములు కూపర్, బ్రాండ్, డాయిల్. తమకంటే ముందు మిల్లర్ అనే శాస్త్రవేత్త వెళ్లిన గ్రహం మీద వాళ్లు దిగుతారు. మిల్లర్ గ్రహం మీద డాయిల్ చనిపోవడానికి పూర్తి బాధ్యత బ్రాండ్‌దే. కొండంత అల వస్తోంది, వెనక్కి రమ్మని కూపర్ అరుస్తున్నాడు, ఆమె మాత్రం మిల్లర్ నమోదు చేసిన సమాచారం కావాలని మిల్లర్ నౌక శకలాల దగ్గరే ఉండిపోయింది. అక్కడ ఇరుక్కుపోతే కేస్ అనే రోబో వెళ్లి ఎత్తుకొచ్చింది. మొండికేసిన మనిషి బతికింది, వెనక్కి వచ్చిన మనిషి కొట్టుకుపోయాడు.

లెక్కలమాస్టారు:
డాయిల్ నౌక తలుపు దగ్గరికి వచ్చేశాడు కదండీ. ఎక్కకుండా ఎందుకు నిలబడ్డాడు? తప్పు అతనిదే.

గోదావరిగట్టు:
ఆమెను ముందు ఎక్కించడానికి ఆగాడు. అది తప్పా?

లెక్కలమాస్టారు:
తప్పే. ఆమెను మోస్తున్నది రోబో, దానికి డాయిల్ సాయం అక్కర్లేదు. పైగా అక్కడ గురుత్వాకర్షణ భూమి మీదకంటే 30 శాతం ఎక్కువ. 70 కిలోల మనిషికి ఒళ్లు 91 కిలోలంత బరువనిపిస్తుంది. ఆ పైన స్పేస్ సూటు, కాళ్ల కింద నీళ్లు. అలాంటి చోట ముందు తాను ఎక్కి, తలుపు దగ్గర చోటివ్వాలి.

నీలిచుక్క:
ఒక గంట గడిపితే భూమి మీద ఏడేళ్లు గడిచిపోయే చోట అసలు దిగడమే తప్పు. ఆ పథకం వేసింది కూపర్. అతన్ని ఎవరూ అడగరేం?

గోదావరిగట్టు:
మాస్టారూ, మీరు ఆ తలుపును వదలరా? మా మేనమామ ఒక కర్మాగారంలో గ్యాస్ లీకైనప్పుడు తోటివాళ్లను ముందు బయటికి పంపి తాను లోపలే ఉండిపోయాడు. విచారణ నివేదికలో ‘నిబంధనలు పాటించలేదు’ అని రాసి చేతులు దులుపుకున్నారు. మీరు రాసింది చదువుతుంటే నాకు ఒళ్లు మండుతోంది.

రాత్రిబండి:
సినిమా గురించి మాట్లాడుకుందాం, దయచేసి.

లెక్కలమాస్టారు:
మీ మామయ్యగారి విషయం చదివి బాధపడ్డాను. కానీ నేను కార్మికులకు భద్రతా పాఠాలు చెప్పే మనిషిని. ఒకరిని కాపాడబోయి ఇంకొకరు పోయిన ఇళ్లకు పరామర్శకు వెళ్లాను. డాయిల్‌ను మహానుభావుడంటే రేపు ఇంకో కుర్రాడు అలాగే తలుపు దగ్గర ఆగుతాడు. నా భయం అది. బ్రాండ్‌ను వెనకేసుకు రావడం కాదు.

గోదావరిగట్టు:
ఆ మాట మొదటే చెప్పవలసింది. నా కోపం కూడా ఒక్క బ్రాండ్ మీదే కాదు. ఇంజన్లలో నీళ్లు నిండి వాళ్లు ఆ గ్రహం మీదే చిక్కుకుంటారు. అప్పుడు జరిగిన గొడవలో ‘ఆ మాట డాయిల్‌తో చెప్పు’ అని కూపర్ బ్రాండ్‌ను ఒక్కసారి దెప్పుతాడు, అంతే; తర్వాత మాటలు పోతున్న కాలం మీదికి మళ్లుతాయి. పైనున్న పెద్ద నౌకకు తిరిగి వెళ్లేసరికి భూమి మీద 23 ఏళ్లు దాటిపోయాయి. భూమి నుంచి పిల్లలు పంపిన వీడియోలు చూసి కూపర్ ఏడిస్తే హాలంతా ఏడ్చింది, నేనూ ఏడ్చాను. డాయిల్ వీడియోల కోసం ఎవరు ఎదురుచూశారు? సినిమా ఆ మనిషి ఇంటివైపు కన్నెత్తి చూడదు.

నీలిచుక్క:
నిడివి 169 నిమిషాలు. అందరి ఇళ్లూ చూపించడం కుదరదు. కథ కూపర్‌ది, అతని కూతురిది.

గోదావరిగట్టు:
ఇల్లు చూపించమనలేదు. ‘మా కోసం ఆగాడు’ అని కూపర్ నోట ఒక్క మాట రావాలి. మామయ్య నివేదికలో మేం వెతికిందీ అదే.

లెక్కలమాస్టారు:
నివేదికలో ఆ మాట రాయవలసిందే, మీ తరఫున నేనూ అడుగుతాను. కొత్త కుర్రాళ్లకు పాఠం చెప్పేటప్పుడు మాత్రం డాయిల్ ముందు ఎక్కవలసిందనే చెబుతాను.