బిర్లాలు ఎదిగింది జనపనార దలాలీ తెలివితోనా, లైసెన్సుల పుణ్యమా?

కాటా కాగితం:
నిన్న ఇంకో చర్చలో ఒకాయన "బిర్లాలంటే లైసెన్స్ రాజ్ బిడ్డలే, ఢిల్లీలో పలుకుబడి లేకపోతే వాళ్ళ పేరు కూడా ఎవరికీ తెలిసేది కాదు" అని తేల్చేశారు. లైసెన్స్ రాజ్ అంటే ఫ్యాక్టరీ పెట్టాలంటే సర్కారు అనుమతి కావాల్సిన రోజులు. నాకది అస్సలు మింగుడుపడలేదు. ఘనశ్యామ్ దాస్ బిర్లా 1894లో పిలానీలో పుట్టాడు, పదహారేళ్ళకే కలకత్తాలో జనపనార బ్రోకర్‌గా సొంత యాపారం మొదలెట్టాడు. అప్పుడు లైసెన్సులూ లేవు, ఢిల్లీలో మనోళ్ళ ప్రభుత్వమూ లేదు. ఆయన క్లయింట్లంతా ఇంగ్లీషు దొరలు. వాళ్ళ ఆఫీసుకెళ్తే లిఫ్ట్ ఎక్కనిచ్చేవాళ్ళు కాదంట, దొర పిలిచేదాకా బెంచీ మీద కూర్చోనిచ్చేవాళ్ళు కూడా కాదంట, ఇది ఆయనే రాసుకున్న మాట, ఆ అవమానం వల్లే తనకి రాజకీయాల మీద ధ్యాస పుట్టిందని కూడా రాశాడు. అట్లా గుమ్మంలో నిలబడి బేరాలు కుదిర్చినోడు 1919లో వాళ్ళకి పోటీగా జూట్ మిల్లే పెట్టాడు. దీంట్లో లైసెన్స్ ఎక్కడుంది?

లెక్కలు చూద్దాం:
అన్నా, సగం కథే చెప్పావ్. ఉత్త చేతుల్తో వచ్చిన కుర్రాడేం కాదు ఆయన. తాత శివనారాయణ, తండ్రి బలదేవ్ దాస్ అప్పటికే బొంబాయిలో పత్తిలో, చైనాకెళ్ళే నల్లమందులో బాగా వెనకేసుకున్నారు. ఆ పైన 1914లో యుద్ధం వచ్చింది, కందకాల్లో ఇసుక బస్తాలకి గోనె సంచులు కావాలి, కలకత్తా మిల్లులు రాత్రీపగలూ నడిచినా చాల్లేదు. ఆ యుద్ధకాలంలో బిర్లాల ఆస్తి 20 లక్షల నుంచి 80 లక్షలకి పెరిగిందని ఒక అంచనా. అదే సమయంలో తూర్పు బెంగాల్ రైతు సంగతేంటి? యుద్ధం మొదలవగానే జర్మనీకి పోయే ఎగుమతులు ఆగిపోయి పచ్చి జనపనార ధర కుప్పకూలింది. సంచి ధర పెరిగింది, నార పండించినోడికి మాత్రం ఏం మిగల్లేదు. దాన్ని తెలివి అంటే నాకు బాధేస్తది.

గోదారి గాలి:
పెద్దపల్లి దగ్గర బసంత్‌నగర్ మా మేనమామ వాళ్ళ ఊరు, అక్కడి కేశోరాం సిమెంట్ ఫ్యాక్టరీ బిర్లాలదే, ఆ కేశోరాం అనేది అసలు కలకత్తా బట్టల మిల్లు పేరు. మా వైపు ఎంతమందికి అన్నం పెట్టిందో నాకు తెలుసు కాబట్టి నేను పూర్తిగా తీసిపారేయలేను. కానీ రైతు ధర గురించి చెప్పింది మాత్రం నిజమే కదా, కాటా గారూ మీ జవాబేంటి?

కాటా కాగితం:
రైతు నష్టపోయాడు, కాదనను. ఆ సొమ్ములో పెద్ద వాటా దొరల మిల్లులకే పోయింది, అది కూడా చెప్పాలి. తాత డబ్బూ నిజమే. కానీ డబ్బున్న మార్వాడీలు కలకత్తా బడాబజార్‌లో బోలెడుమంది, మరి మొదట్లో జూట్ మిల్లు దాకా వెళ్ళింది బిర్లా, హుకుంచంద్ లాంటి ఒకరిద్దరే ఎందుకు? బ్రోకర్‌కి రెండు వైపులా మాట తెలుస్తది. ఏ మిల్లుకి ఎంత ఆర్డర్ వచ్చింది, సరుకు ఎవరి దగ్గర ఇరుక్కుంది, నార ధరకీ సంచి ధరకీ మధ్య ఎంత మిగుల్తుంది, ఇదంతా ఆయనకి రోజూ చెవిన పడేది. బేరం కుదిర్చితే కమీషన్ వస్తది, సరుకు పాడైనా ధర పడినా పోయేది పక్కోడిదే. అంత నిశ్చింతగా ఉన్న పని వదిలి మిల్లు మీద డబ్బు పోయడమే నా దృష్టిలో అసలు మలుపు. పెట్టిన వెంటనే రూపాయి పడిపోయింది, ఇంగ్లండ్ నుంచి తెప్పించే యంత్రాల ఖర్చు దాదాపు రెట్టింపయింది. అయినా ఆగలేదు, 1921లో గ్వాలియర్‌లో బట్టల మిల్లు, 1942లో హిందుస్థాన్ మోటార్స్, 1943లో యునైటెడ్ కమర్షియల్ బ్యాంక్, అంటే ఇప్పటి యూకో. ఇవన్నీ 1947కి ముందువే.

లెక్కలు చూద్దాం:
చక్కెర మిల్లులు వదిలేశావేం? 1932లో బయటి చక్కెర మీద రక్షణ సుంకం వేశాకే కదా దేశమంతా మిల్లులు లేచాయి, బిర్లాలవీ అప్పుడే. తెల్లోళ్ళ ప్రభుత్వమైనా మనోళ్ళదైనా సర్కారు గొడుగు కింద పెరిగిందే. ఫ్యాక్టరీలకి లైసెన్స్ తప్పనిసరి చేసిన 1951 చట్టం వచ్చాక ఇంకా చెప్పక్కర్లేదు, ఆ లైసెన్సుల మీద ఆర్థికవేత్త హజారీ 1967లో ఇచ్చిన రిపోర్ట్ చదవండి, బిర్లా గ్రూప్ ఎన్నో వస్తువులకి వరసపెట్టి అర్జీలు పెట్టి లైసెన్సులు తెచ్చుకుని, వాడకుండా అట్టేపెట్టి ఇంకొకళ్ళకి దారి లేకుండా చేసిందని చెప్పాడు. తర్వాత ప్రధాని అయిన చంద్రశేఖర్ అప్పట్లో రాజ్యసభలో దీని మీద ఎంత పోరాడాడో.

కాటా కాగితం:
లైసెన్స్ తీసుకుని మిల్లు కట్టకుండా కూర్చోవడం తప్పు, నేను సమర్థించను. కానీ ఢిల్లీ అంతా వాళ్ళ జేబులోనే ఉంటే ఘనశ్యామ్ దాస్ మనవడు ఆదిత్య బిర్లా 1969లో థాయ్‌లాండ్ వెళ్ళి నూలు మిల్లు ఎందుకు పెట్టాడు?

లెక్కలు చూద్దాం:
1969 అంటే హజారీ రిపోర్ట్ వచ్చాక, పెద్ద కంపెనీల గుత్తాధిపత్యాన్ని కట్టడి చేసే ఎమ్మార్టీపీ చట్టం చేసిన ఏడాదే. తలుపు మూశాక బయటికెళ్ళారు అన్నా.

కాటా కాగితం:
సరే, 1951 నుంచి ఎమ్మార్టీపీ దాకా వాదన మీది, నేను దాని జోలికి రాను. నిన్న ఆ చర్చలో ఒకాయన అన్నది అసలు పుట్టుకే లైసెన్సుల్లో అని. అది మాత్రం ఒప్పుకోను, ఎందుకంటే బ్యాంకూ, కార్ల కంపెనీ, బట్టల మిల్లులూ 1951 చట్టానికి ఎన్నో ఏళ్ళ ముందే ఉన్నాయి. సుంకం వల్ల చక్కెరలో లాభపడ్డారు, నిజమే, కానీ 1919లో ఆ జూట్ మిల్లు పెట్టినప్పుడు ఏ సుంకం కాపాడింది చెప్పండి.