చెన్నైలో ఒక్క రోజు సెలవు, బయటంతా వాన, ఎక్కడికి వెళ్ళాలి?

గోదారిగట్టు:
అందరికీ నమస్కారం. కంపెనీ పని మీద రెండు వారాలు చెన్నై వచ్చా, గిండీలో రూమ్. రేపు శనివారం సెలవు ఇచ్చారు కానీ మూడు రోజుల్నుంచి ముసురు పట్టి వదలట్లేదు, మనకి జూన్ జులైలో పడే వాన ఇక్కడ నవంబర్లో పడుతోంది. బీచ్‌కి వెళ్దామనుకున్నా, ఈ గాలికి గొడుగు కూడా నిలవదు. మాల్‌లో కూర్చుని రావడం ఇష్టం లేదు, మళ్ళీ ఎప్పుడొస్తానో తెలీదు. తడవకుండా చూసేవి ఏమన్నా ఉంటే చెప్పండి ప్లీజ్, తమిళం అస్సలు రాదు.

నెల్లూరోడు:
ముందు తిండి సంగతి చెప్తా. పొద్దున్నే ట్రిప్లికేన్‌లో రత్నా కేఫ్‌కి వెళ్ళండి, 1948 నుంచి ఉంది, ఇడ్లీ మీద సాంబారు మునిగేదాకా పోస్తారు, వాన రోజు ఆ వేడి సాంబారుకి మించింది లేదు. తర్వాత మౌంట్ రోడ్‌లో హిగ్గిన్‌బాథమ్స్, 1844లో పెట్టిన పుస్తకాల షాపు, గంటసేపు ఈజీగా గడిచిపోద్ది. ఆటో మాత్రం యాప్‌లోనే బుక్ చేసుకోండి, వానలో రోడ్డు మీద అడిగితే నోటికొచ్చిన రేటు చెప్తారు. సబ్‌వేల్లో నీళ్ళు నిలుస్తాయి, అటు పోవద్దు.

ఎగ్మోర్ పక్కోడు:
ఒక్కటే చూడాలంటే ఎగ్మోర్ మ్యూజియం చూడండి అండి, 1851లో మొదలైంది. చాలామంది నటరాజ విగ్రహాలున్న కంచు గ్యాలరీ చూసి వచ్చేస్తారు, అది గొప్పదే, కాదనను, కానీ మనవాళ్ళు చూడాల్సింది అమరావతి గ్యాలరీ. 1845లో వాల్టర్ ఇలియట్ అనే దొర మన అమరావతి స్తూపం దగ్గర తవ్వించి ఆ పలనాటి రాళ్ళని మద్రాసు తెప్పించాడు, వాటిల్లో చాలా భాగం తర్వాత లండన్ వెళ్ళిపోయాయి, ఆ తర్వాత తవ్వకాల్లో దొరికినవి కూడా చాలా ఇక్కడికే చేరాయి. అందులో గుండ్రటి రాయి ఒకటి ఉంటుంది, బుద్ధుడి మీదకి వదిలిన నలగిరి అనే ఏనుగు కథది, దాని ముందు కాసేపు నిలబడండి. ఒక పక్కన ఏనుగు మదం పట్టి వీధిలో జనం మీద పడుతుంటుంది, పైన కిటికీల్లోంచి మనుషులు తొంగి చూస్తుంటారు, రెండో పక్కన అదే ఏనుగు బుద్ధుడి కాళ్ళ దగ్గర మోకాళ్ళ మీద వంగిపోయి ఉంటుంది. ముందు జరిగిందీ తర్వాత జరిగిందీ రెండూ ఒకే రాయిలో చెక్కారు, సినిమా చూసినట్టే ఉంటుంది. నేను పదిసార్లు వెళ్ళుంటా, ఇంకా తనివి తీరలేదు.
గిండీలో మెట్రో ఎక్కి సెంట్రల్‌లో మారండి, తర్వాతి స్టేషనే ఎగ్మోర్. శుక్రవారం సెలవు, మీది శనివారం కాబట్టి ఇబ్బంది లేదు. నేనొకసారి శుక్రవారం అంత వానలో వెళ్ళి గేటు దగ్గర్నుంచే వెనక్కొచ్చా.

బెజవాడ పిల్ల:
టైం మిగిలితే రాయపేట హైరోడ్‌లో పొట్టి శ్రీరాములు గారు దీక్ష చేసిన ఇల్లు కూడా చూడండి. 1952లో 58 రోజులు అన్నం మానేసి డిసెంబర్ 15న అక్కడే పోయారు. పేరు బడి పుస్తకంలో చదివాం కదా, ఆ ఇంటి ముందు నిలబడితే వేరే.

గోదారిగట్టు:
వెళ్ళొచ్చానండి, నిన్న రాత్రే రాద్దామనుకున్నా కానీ తడిసి తలనొప్పి వచ్చింది. రత్నా కేఫ్ బ్రహ్మాండం. మ్యూజియంలో గంటన్నర ఉన్నా, పైన వాన చప్పుడు, లోపల నాతో కలిపి నలుగురే. మీకు చెప్పలేదు, మా అమ్మమ్మగారిది ధరణికోట. చిన్నప్పుడు సెలవులకి వెళ్తే స్తూపం ఉన్న చోట, దీపాలదిన్నె అంటారు, అక్కడే ఆడుకునేవాళ్ళం. ఆ దిన్నె మీదుండే రాళ్ళు ఇలా ఉండేవని ఇన్నేళ్ళొచ్చాక ఇక్కడ తెలిసింది, ఏడుపొచ్చినంత పనైంది. రాయపేట వెళ్ళేసరికి చీకటి పడింది, ఇల్లు బయట్నుంచే దణ్ణం పెట్టుకుని వచ్చేశా.
మ్యూజియంలోంచి బయటికొచ్చినప్పుడే మెట్రో స్టేషన్ మెట్ల మీద నుంచి అమ్మకి ఫోన్ చేసి చెప్పా. ఏనుగు సంగతి చెప్తుంటే మధ్యలో ఆపి, మన దిన్నె రాళ్ళు అక్కడున్నాయా, నన్నెప్పుడు తీసుకెళ్తావు అంది. సంక్రాంతి తర్వాత టికెట్లు చూస్తున్నా.