లాసిక్స్ మొదలుపెట్టాక మా పొమేరియన్‌కి క్రియాటినిన్ పెరిగింది, మందు ఆపేయాలా?

బన్నీ వాళ్ళమ్మ, విజయవాడ:

అందరికీ నమస్తే. మా బన్నీ పొమేరియన్, పదకొండేళ్ళు, 6 కిలోలు ఉంటాడు. గుండెలో మైట్రల్ వాల్వ్ లీకవుతోందని చాలా రోజుల క్రితమే చెప్పారు. పోయిన నెల ఒక రాత్రి పడుకోలేక కూర్చునే ఉండి రొప్పుతుంటే తీసుకెళ్ళాం, ఎక్స్‌రే తీసి ఊపిరితిత్తుల్లో నీరు చేరిందన్నారు. ఆక్సిజన్ పెట్టి, ఇంజెక్షన్లు చేసి గండం గట్టెక్కించారు. ఇప్పుడు ఇంట్లో ఒంట్లో నీరు మూత్రంలో పోయేలా చేసే లాసిక్స్ 40 మాత్రను నాలుగు ముక్కలు చేసి పొద్దున ఒక ముక్క, రాత్రి ఒక ముక్క వేస్తున్నాం. దాంతోపాటు గుండె మందులు పిమోబెండాన్, ఎనలాప్రిల్ 2.5 రెండు పూటలా. దగ్గు తగ్గింది, తింటున్నాడు, పేపరబ్బాయిని చూసి మళ్ళీ అరుస్తున్నాడు కూడా.

ఇంతలో నిన్న బ్లడ్ టెస్ట్ చేయిస్తే, కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్ 1.8 వచ్చింది. లాసిక్స్ మొదలుపెట్టకముందు 1.1 ఉండేది. బీయూఎన్ (రక్తంలో యూరియా లెక్క) 22 నుంచి 48కి వెళ్ళింది. డాక్టర్ గారు ఊళ్ళో లేరు, సోమవారం గానీ రారు. అక్కడున్న అబ్బాయి "కిడ్నీ వాల్యూస్ పెరిగాయండీ" అని ఒక్క మాట చెప్పి రిపోర్టు చేతిలో పెట్టాడు, అప్పటినుంచి టెన్షన్‌తో నిద్ర లేదు. మా మామయ్యగారు ఏళ్ళ తరబడి లాసిక్స్ వాడి చివరికి డయాలసిస్ దాకా వెళ్ళారు, అందుకే మా అత్తయ్యగారు ఆ మాత్ర ఇవాళే ఆపేయమంటున్నారు. పక్కింటివాళ్ళేమో సెలైన్ ఎక్కిస్తే కిడ్నీలు శుభ్రపడతాయంటున్నారు. వీడు నీళ్ళు విపరీతంగా తాగుతూ రాత్రిళ్ళు హాల్లోనే పోసేస్తున్నాడు, మరి నీళ్ళు తగ్గించాలా? ఏం చేయాలో చెప్పండి ప్లీజ్.

గుంటూరు వెట్:

మేడం, నేను పశువైద్యుణ్ణి, ఎక్కువగా కుక్కలూ పిల్లులే చూస్తాను. ముందు అసలు మాట. సోమవారం దాకా లాసిక్స్ మీ అంతట మీరు ఆపకండి. ఒకసారి ఊపిరితిత్తుల్లో నీరు చేరిన కుక్కకి మందు ఆపితే మళ్ళీ చేరడానికి ఒకటి రెండు రోజులు చాలు. క్రియాటినిన్ 1.8 ఉన్న కుక్క ఈ రాత్రి ప్రమాదంలో ఉన్నట్టు కాదు, ఊపిరాడని కుక్క మాత్రం ప్రమాదంలో ఉన్నట్టే.

ఇప్పుడు ఆ నంబర్లు ఎందుకు పెరిగాయో చెప్తాను. ఇంటర్లో హెన్లీ శిక్యం అని, కిడ్నీలో వంపు తిరిగిన సన్న గొట్టం గురించి చదివే ఉంటారు, లాసిక్స్ పనిచేసేది అక్కడే. ఉప్పు తిరిగి రక్తంలోకి వెళ్ళకుండా అడ్డుపడుతుంది, ఉప్పుతోపాటు నీరూ మూత్రంలో పోతుంది, ఊపిరితిత్తులు ఖాళీ అవుతాయి. కానీ ఆ నీరు వచ్చేది రక్తనాళాల్లోంచే కదా, అందుకని కిడ్నీకి చేరే రక్తం కూడా కొంత తగ్గుతుంది, అసలే గుండె సరిగా పంపు చేయని ఒళ్ళు. వడపోత తగ్గేసరికి యూరియా, క్రియాటినిన్ రక్తంలో మిగిలిపోతాయి. మీ రిపోర్టులో బీయూఎన్ రెట్టింపు దాటింది, క్రియాటినిన్ అంత పెరగలేదు. ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీ యూరియాను వెనక్కి పీల్చుకుంటుంది, అందుకే అది ముందు ఎగబాకుతుంది. ఈ తేడా చూస్తే కిడ్నీ కణాలు చచ్చిపోయిన దానికంటే రక్తం తక్కువగా అందుతున్న లక్షణమే ఎక్కువ కనిపిస్తోంది. ఒకసారి మలం కూడా చూడండి, నల్లగా తారులా వస్తుంటే కడుపులో రక్తం పోతోందేమో చూడాలి, దానివల్లా బీయూఎన్ పెరుగుతుంది.

ఎనలాప్రిల్‌కి కూడా ఇందులో పాత్ర ఉంది. కిడ్నీ వడపోత గుత్తి నుంచి రక్తం బయటికెళ్ళే నాళాన్ని అది వదులు చేస్తుంది కాబట్టి లోపలి ఒత్తిడి తగ్గుతుంది. ఒంట్లో నీరు సరిపడా ఉన్నప్పుడు ఇబ్బంది ఉండదు, తగ్గినప్పుడు క్రియాటినిన్ మీద తెలుస్తుంది. అందుకే ఇలాంటి రిపోర్టు వస్తే డాక్టర్ రెండు మందుల మోతాదూ చూస్తారు. లాసిక్స్‌ని ఆయాసం రాకుండా ఆపగలిగే అతి తక్కువ మోతాదుకి తెస్తారు, అవసరమైతే ఎనలాప్రిల్ తగ్గిస్తారు లేదా కొన్నాళ్ళు ఆపుతారు. ఏది ఎంత తగ్గించాలన్నది మాత్రం కుక్కని చేత్తో పట్టుకుని చూసినవాళ్ళు తేల్చాలి.

మీ మామయ్యగారి సంగతి. కిడ్నీ జబ్బున్న మనుషులకి ఒంటికి నీరు పట్టకుండా లాసిక్స్ ఇస్తారు కాబట్టి ఆ మాత్ర, డయాలసిస్ చాలా ఇళ్ళలో పక్కపక్కనే కనిపిస్తాయి. అంతమాత్రాన మాత్రే కిడ్నీని తినేసిందని కాదు.

సెలైన్ మాట వినకండి. నార్మల్ సెలైన్ లీటరులో 9 గ్రాముల ఉప్పుంటుంది. గుండె వైఫల్యం ఉన్న 6 కిలోల కుక్కకి అది ఎక్కిస్తే మనం మాత్రతో బయటికి పంపిన ఉప్పూ నీరూ మళ్ళీ నేరుగా లోపలికి పోసినట్టే. నీళ్ళు కూడా తగ్గించకండి, ఇది చాలా ముఖ్యం. వాడు ఎక్కువ తాగుతున్నది ఎక్కువ పోతోంది కాబట్టి. గిన్నె ఖాళీగా ఉంటే కిడ్నీ దెబ్బతినేది అప్పుడే.

డాక్సీ నాన్న, హనుమకొండ:

బన్నీ వాళ్ళమ్మ గారూ, మా డాష్‌హండ్‌ది కూడా ఇదే కథ, వాడిప్పుడు బాగానే ఉన్నాడు, ధైర్యంగా ఉండండి. మాకు అన్నిటికంటే పనికొచ్చింది నిద్రలో ఊపిరి లెక్కపెట్టడం. గాఢంగా నిద్రపోతున్నప్పుడు (కలలో కాళ్ళు కొట్టుకుంటున్నప్పుడు కాదు) డొక్క పైకి లేచి కిందికి దిగితే ఒకటి, అలా నిమిషం పాటు. మామూలుగా 30 లోపు ఉండాలి. మావాడు 18, 20 మధ్య ఉండేవాడు, ఒకసారి 28కి వెళ్ళగానే మా డాక్టర్ రమ్మన్నారు, లెక్క ఇంకా 30 దాటకపోయినా వాడి లెక్కకి అది ఎక్కువే కదా. గోడ మీది క్యాలెండర్‌లోనే తేదీ పక్కన రాసేవాళ్ళం, ఎవరు లెక్కపెట్టినా అక్కడే. డాక్టర్ మోతాదు తగ్గించిన వారం మాత్రం రోజూ తప్పకుండా చూడండి.

హాల్లో పోసే సంగతికి, రాత్రి మాత్ర కాస్త ముందుకి జరపొచ్చేమో అడగండి. మాకు సాయంత్రం ఆరింటికి వేయమన్నారు. వేసిన గంటా రెండు గంటల్లోనే ఎక్కువగా పోస్తాడు కాబట్టి పడుకునే ముందు రెండుసార్లు బయటికి తిప్పితే రాత్రి చాలావరకు తగ్గింది.

కావలియర్ ఫ్యాన్, డాలస్:

మా కావలియర్ కింగ్ చార్లెస్‌కి (ఈ జాతికి వాల్వ్ జబ్బు మరీ ఎక్కువ) లాసిక్స్ మోతాదు పెరుగుతూ పోతుంటే కార్డియాలజిస్ట్ టోర్సెమైడ్‌కి మార్చారు. అదీ అదే రకం మందు కానీ చాలా శక్తిమంతం, లాసిక్స్ మోతాదులో పదో వంతు నుంచి ఇరవయ్యో వంతు సరిపోతుంది. పని కూడా ఎక్కువసేపు చేస్తుంది. అయితే కిడ్నీకి అదేదో సులువని అనుకోకండి, మార్చాక మాకు రక్తపరీక్షలు ఇంకా దగ్గరదగ్గరగా చేశారు. మీ దశకి అది అవసరం లేదనుకుంటా, పేరు తెలిసి ఉండటానికి చెప్తున్నా.

బన్నీ వాళ్ళమ్మ, విజయవాడ:

చాలా థాంక్స్ అండీ, మాత్ర ఆపలేదు. రాత్రి లెక్కపెట్టాను, 22 వచ్చింది. మలం మామూలుగానే ఉంది. మరో రెండు అడగాలి. వెనక కాలు కుంటుతున్నాడు, ఇంట్లో మెలాక్సికామ్ అనే నొప్పి మందు ఉంది, పాతప్పుడు రాసిచ్చింది, వేయొచ్చా? ఇంకోటి, ఈ ఎండలకి కొబ్బరినీళ్ళు పోయమంటున్నారు. తిండి పెరుగన్నం, ఉడికించిన చికెన్. ప్రొటీన్ ఆపేయాలా?

గుంటూరు వెట్:

22 అంటే మంచి మాట. మెలాక్సికామ్ వద్దే వద్దు. లాసిక్స్, ఎనలాప్రిల్ మీద ఆ రకం నొప్పి మాత్ర తోడైతే కిడ్నీకి అందే రక్తం, వడపోత ఒత్తిడి రెండూ ఒకేసారి పడిపోతాయి, అప్పటిదాకా తట్టుకున్న కిడ్నీ కూడా దెబ్బతినొచ్చు. మెడికల్ షాపులో అడిగి మనుషుల నొప్పి మాత్రలు అసలు తేకండి. కాలు సంగతి సోమవారం చూపించండి, వేరే మందులున్నాయి. ఎప్పుడైనా ఇన్ఫెక్షన్‌కి కొత్త డాక్టర్ దగ్గరికి వెళ్తే లాసిక్స్ వాడుతున్నాడని ముందే చెప్పండి, జెంటామైసిన్, అమికాసిన్ లాంటి ఇంజెక్షన్లు ఈ మందుతో కలిస్తే కిడ్నీకీ చెవికీ ముప్పు.

కొబ్బరినీళ్ళలో పొటాషియం బాగా ఉంటుంది. లాసిక్స్ పొటాషియాన్ని తగ్గిస్తుంది, ఎనలాప్రిల్ పెంచుతుంది, వాడిలో ఏది గెలుస్తోందో రక్తపరీక్షలో చూడకుండా పోయొద్దు. మామూలు నీళ్ళు చాలు, రెండు మూడు చోట్ల గిన్నెలు పెట్టండి, మధ్యాహ్నం చల్లగా ఉండే గదిలో ఉంచండి. చికెన్ ఆపొద్దు. గుండె జబ్బు కుక్కలు కండ తగ్గి చిక్కిపోతాయి, ఈ స్థాయి క్రియాటినిన్‌కి ప్రొటీన్ కోసేయడం వల్ల నష్టమే ఎక్కువ. పెరుగన్నంలో ఉప్పు వేయకండి, చిప్స్, అప్పడాలు, పచ్చడి కలిపిన ముద్దలు ఎవరూ పెట్టకుండా చూడండి. ద్రాక్ష, కిస్‌మిస్ కిడ్నీకి విషం, ప్రసాదంలోవి కూడా ఇవ్వొద్దు.

సోమవారం డాక్టర్ గారిని సోడియం, పొటాషియం, క్లోరైడ్, బీపీ చూడమనండి. మూత్రం చిక్కదనం పరీక్ష లాసిక్స్ మీద ఉండగా నమ్మలేం, మందే దాన్ని పలచన చేస్తుంది, అందుకే మందుకు ముందు తీసిన శాంపిల్ రిపోర్టు ఏదైనా ఉంటే వెతికి పట్టుకెళ్ళండి. మోతాదు మారిస్తే వారం పది రోజుల్లో మళ్ళీ క్రియాటినిన్ చేయించాలి.

ఈలోగా తిండి మానేసినా, వాంతులు విరేచనాలు పట్టుకున్నా, చిగుళ్ళు వేలికి జారకుండా పొడిగా అంటుకున్నా సోమవారం కోసం ఆగకండి, ఉన్నవాళ్ళెవరికైనా చూపించి ఆ పూట మందుల మోతాదు అడగండి. ఊపిరి లెక్క 30 దాటి అలాగే ఉన్నా అంతే, అది రాత్రి రెండయినా సరే.