సికింద్రాబాద్ సెయింట్ ఆన్స్ బాలికల పాఠశాల: పాత సంగతులు తెలిసినవారున్నారా?

లష్కర్ మనవరాలు: మా అమ్మమ్మ, అమ్మ ఇద్దరూ సెయింట్ ఆన్స్‌లో చదివినవారే. ఆ బడి 1871లో మొదలైందని తెలుసు. ఎక్కడో ఇటలీలోని ట్యూరిన్‌లో ఉండే కన్యస్త్రీలు నిజాం రాజ్యంలోని ఈ దండు ఊరికి ఎందుకు వచ్చారన్నది మాత్రం అంతుపట్టడం లేదు. తెలుగునేలపై తొలి కాన్వెంటు ఇదేనంటారు, నిజమేనా?

పాత కాగితాలు: తొలిది కాదండి. ఫ్రెంచివారి యానానికి ఆనెసీ (ఇప్పటి ఫ్రాన్స్‌లోని పట్టణం) సెయింట్ జోసెఫ్ సిస్టర్లు 1849లోనే వచ్చి, తరువాత విశాఖపట్నంలో స్థిరపడ్డారు. ఇక మీ మొదటి ప్రశ్నకు జవాబు దండులోనే ఉంది. బ్రిటిష్ పటాలాల్లో ఐరిష్ కాథలిక్ సిపాయిలు ఎక్కువగా ఉండేవారు కనుక, ఐర్లండ్ నుంచి వచ్చిన డేనియల్ మర్ఫీ గారు ఇక్కడ సెయింట్ మేరీస్ చర్చి కట్టించారు. అది 1850లో పూర్తయింది. (ఆయనే తరువాత ఆస్ట్రేలియాలోని హోబర్ట్‌కు పీఠాధిపతి అయ్యారు.) ఆపై హైదరాబాద్ మిషన్ (ఈ ప్రాంతపు కాథలిక్ మత సేవా బాధ్యత) ఇటలీలోని మిలాన్ గురువుల చేతికి వచ్చింది కాబట్టి, బాలికల చదువుకు వారు తమ దేశపు సిస్టర్లను పిలిపించుకోవడంలో వింతేమీ లేదు.

ట్యూరిన్ బాటసారి: ట్యూరిన్ కన్యస్త్రీల ఆ సభ (మఠవాసినుల సంఘం) మూలాలు ఇంకా ఆసక్తికరం. 1834లో దాన్ని స్థాపించినవారు బరోలో ప్రభు దంపతులు కార్లో తాంక్రేది, జూలియా. ఫ్రాన్స్‌లో పుట్టిన జూలియా ఫ్రెంచి విప్లవంలో అయినవారిని గిలటిన్‌కు (తల నరికే యంత్రానికి) పోగొట్టుకున్న ఇంటి బిడ్డ. ట్యూరిన్ చెరసాలల్లోని స్త్రీ ఖైదీలకు చదువు చెప్పి, వారి బాగోగుల కోసం అధికారులతో పోరాడిన మనిషి. ఆమె 1864లో మరణించారు కనుక సికింద్రాబాద్ బడిని చూడలేదు. పెద్దింటి పిల్లల చదువుగా కాన్వెంటుకు ఇక్కడ వచ్చిన పేరు, ఆమె మొదలుపెట్టిన పనికి చాలా దూరం.

మారేడుపల్లి అత్తయ్య: నేను చదివింది జంటనగరాల్లోని మరో కాన్వెంటులో. కాథలిక్ పిల్లలు సత్యోపదేశానికి (తమ మత పాఠానికి) వెళ్ళే పీరియడ్‌లో మాకు మోరల్ సైన్స్ ఉండేది. కుట్లు, అల్లికల మీద సిస్టర్లకున్న పట్టుదల లెక్కల మీద కూడా ఉండి ఉంటే బాగుండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. అయితే ఆడపిల్లను బయటికి పంపడానికి జంకిన మా తాతగారు, చెప్పేవారందరూ స్త్రీలే అన్న ఒక్క ధైర్యంతో నన్ను చేర్పించారు.

పాత కాగితాలు: తొలితరం పిల్లలెవరో తెలుసుకోవాలంటే చర్చి జ్ఞానస్నానాల రిజిస్టర్లు చూడండి. దండు చర్చిల్లో తండ్రి పటాలం పేరు కూడా రాసేవారు. మీ అమ్మమ్మగారి వివరాలకైతే బడి ప్రవేశాల రిజిస్టరే దారి.