మతిమరుపు వ్యాధి వచ్చిన తల్లిదండ్రులను సంరక్షణ కేంద్రంలో చేర్చడం వారిని వదిలేయడమేనా?

నరసాపురం వాసి:
2023లో వెలువడిన, వృద్ధుల్లో మతిమరుపు వ్యాధిపై దేశవ్యాప్తంగా జరిపిన లాసీ–డాడ్ అధ్యయనం ప్రకారం మన దేశంలో అరవై ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా, అంటే ఈ మతిమరుపు వ్యాధి ఉంది. పట్టణాల్లో అది 5.3 శాతం కాగా పల్లెల్లో 8.4 శాతం. అయినా మన డెల్టా ఊళ్లలో ఎవరైనా డబ్బు కట్టి తల్లిని సంరక్షణ కేంద్రంలో చేర్చితే, కన్నతల్లిని గాలికి వదిలేశారన్న మాట వారిని జీవితాంతం వెంటాడుతుంది. ఆ మాట అన్యాయమని నా అభిప్రాయం. మండలానికొక పగటి సంరక్షణ కేంద్రాన్ని ప్రభుత్వమే నడపాలి. మీరేమంటారు?

విశ్రాంత ఉపాధ్యాయుడు, అమలాపురం:
పల్లెల్లోనే ఎక్కువన్న లెక్కను నేను ఒప్పుకోలేను. ఇలాంటి పరీక్షల్లో బడి ముఖం చూడని వృద్ధురాలి చేతికి పెన్సిలు ఇచ్చి బొమ్మ గీయమంటే ఆమె తప్పక తడబడుతుంది. అదే మనిషిని కొబ్బరి దింపు తీసిన రోజున అడగండి. ఎన్ని కాయలు దిగాయో, వర్తకుడు పాత బాకీ ఎంత ఉన్నాడో పొల్లుపోకుండా చెబుతుంది. లెక్కే తప్పయినప్పుడు దాని మీద కేంద్రాలు కట్టడమెందుకు? పెద్దవారిని చూసుకోవడం మన ఇళ్లకు ఎవరూ నేర్పవలసిన విద్య కాదు.

పరిశోధక విద్యార్థిని, కాకినాడ:
మాస్టారూ, పరీక్షలో వచ్చిన మార్కులతోనే వారు తేల్చలేదు. చదువు రానివారిని దృష్టిలో పెట్టుకుని హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెల్లో రూపొందించిన ప్రశ్నలను వాడారు. ఆ వృద్ధులను బాగా ఎరిగిన ఇంటివారిని కూడా రోజువారీ పనుల గురించి అడిగారు. కొందరి వివరాలను వైద్యులు స్వయంగా పరిశీలించి నిర్ధారించగా, దాని ఆధారంగా మిగతావారి విషయం అంచనా కట్టారు. పైగా, చిన్నతనంలో చదువు అందకపోవడం ఈ వ్యాధి ముప్పును పెంచుతుంది. లాన్సెట్ వైద్య పత్రిక ఏర్పాటు చేసిన నిపుణుల కమిషన్ 2024లో చెప్పిన, మనం సరిదిద్దుకోగల 14 కారణాల్లో వినికిడి లోపం, రక్తపోటు, మధుమేహంతో పాటు అదీ ఉంది. ఆడవారిలో 9 శాతం, మగవారిలో 5.8 శాతం ఉండడానికి ఆ తరం ఆడపిల్లలను బడికి పంపకపోవడం కూడా ఒక కారణమని నేను నమ్ముతున్నాను.

విశ్రాంత ఉపాధ్యాయుడు, అమలాపురం:
మన కోనసీమలో ఎంతమందిని అడిగారో ముందు చెప్పండి. బల్లభ్‌గఢ్ మనకు కొలబద్ద కాదు.

లంక రైతు:
మాది రేవు దాటవలసిన ఊరు. మండల కేంద్రంలో పెడితే, నీళ్లను చూస్తేనే బెదిరిపోయే మా నాన్నగారిని రోజూ పడవ ఎక్కించేది ఎవరు?

ఒక కోడలు, పాలకొల్లు:
ఇంతసేపూ శాతాల గురించే మాట్లాడుతున్నారు. ఇంట్లో చూసుకుంటారు అని అందరూ అంటున్నారు కానీ, ఆ చూసుకునే మనిషి ఎవరో ఒక్కరూ చెప్పలేదు. మా ఇంట్లో ఆ మనిషిని నేను. మా అత్తగారు అర్ధరాత్రి లేచి పుట్టింటికి వెళ్లాలంటూ తలుపు తీస్తారు. మా పెరటి వెనకే పంట కాలువ ఉంది కాబట్టి నాకు నిద్ర లేదు. తన గొలుసు నేనే దొంగిలించానని వచ్చిన చుట్టాలందరికీ చెబుతారు. అది జబ్బు పలికిస్తున్న మాట అని నాకు తెలుసు, వినే చుట్టాలకు తెలియదు. అమెరికాలో ఉన్న మా బావగారు ఆదివారం వీడియోలో తల్లిని చూసి, ఆమెను ఇల్లు కదపడానికి వీల్లేదని తీర్పు చెబుతారు. అదే అమెరికాలో, ఒహాయోలో 1995లో ఒక పరిశోధన జరిగింది: ఇలాంటి రోగులకు సేవ చేస్తున్న ఆడవారి చేతి మీద చిన్న గాయం చేసి చూస్తే, అది మానడానికి ఇతరులకంటే సుమారు 9 రోజులు ఎక్కువ పట్టింది. ఈ సంగతి ఆయనకు ఎవరు చెబుతారు?

విశ్రాంత ఉపాధ్యాయుడు, అమలాపురం:
అమ్మా, మీ భర్తను పెంచిన తల్లి నిద్ర లేని రాత్రులను లెక్క పెట్టలేదు. మా అమ్మకూ చివరి దశలో ఇదే జబ్బు. మేమెవరం ఆమెను గడప దాటించలేదు.

ఒక కోడలు, పాలకొల్లు:
మేము అంటే ఎవరండీ? ఆవిడకు స్నానం చేయించింది మీరా?

విశ్రాంత ఉపాధ్యాయుడు, అమలాపురం:
భర్త పోయి పుట్టింటికి వచ్చిన మా అక్కయ్య చేసింది. ఏనాడూ ఒక్క మాట అనలేదు.

ఒక కోడలు, పాలకొల్లు:
అనడానికి ఆవిడకు వేరే ఇల్లుంటే కదా! ఆవిడ మౌనాన్ని మీ కుటుంబ గౌరవంగా చెప్పుకోవడం నాకు కోపం తెప్పిస్తోంది.

విశ్రాంత ఉపాధ్యాయుడు, అమలాపురం:
మీరు నన్ను దోషిగా నిలబెట్టారు కాబట్టి సూటిగానే చెబుతాను. నా భార్య కాలం చేసింది. పిల్లలు దూరాన ఉన్నారు. రేపు నాకే ఈ వ్యాధి వస్తే, నేను కాదనలేని స్థితిలో ఉండగా ఎవరో సంతకం పెట్టి నన్ను ముక్కూమొహం తెలియని గదిలో విడిచి వస్తారు. మీ అలసట నిజమే అయినా, ఆ హక్కును మీకు నేను ఇవ్వలేను.

పరిశోధక విద్యార్థిని, కాకినాడ:
అసలు తగువు ఇక్కడ ఉంది. 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం పిల్లల చేత డబ్బు ఇప్పించగలదు కానీ, రాత్రి మేలుకునే మనిషిని ఇవ్వలేదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో మాత్రం, తెలివి బాగున్నప్పుడే తనకు ఎలాంటి చికిత్స కావాలో, ఏది వద్దో రాసిపెట్టి, తన తరఫున నిర్ణయించే ప్రతినిధిని ఎంచుకునే వీలుంది. మాస్టారి భయానికి అది కొంతవరకైనా జవాబు.

ఒక కోడలు, పాలకొల్లు:
ఆ చట్టం కింద ప్రతినిధిగా ఉండే వ్యక్తి కూడా రాతపూర్వకంగా ఒప్పుకోవాలని నేను చదివాను. స్నానం చేయించే మనిషి విషయంలోనూ ఆ నియమమే ఉండాలి. మాస్టారూ, మీరు ఇంట్లోనే ఉండాలని రాసుకోండి, ఎవరు చూసుకోవాలో కూడా రాయండి, కానీ రాసే ముందు ఆ మనిషిని అడగండి. కాదంటే ఆ జవాబును మన్నించండి.