4 జీబీ పక్కన 16 జీబీ ర్యామ్ వేయవచ్చా?

అందరికీ నమస్కారం. మా చెల్లెలు డిగ్రీ చివరి సంవత్సరం ప్రాజెక్టు చేస్తున్న ల్యాప్‌టాప్‌కు ర్యామ్ పెంచాలి. ప్రాసెసర్ ఇంటెల్ ఐ5-8250యు. 4 జీబీ మదర్‌బోర్డుకే సోల్డర్ చేసి (విప్పలేకుండా అతికించి) ఉంది, ఉన్న ఒక్క స్లాట్‌లో మరో 4 జీబీ. యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియో తెరిస్తే మౌస్ బాణం కూడా కదలదు. పాపం, రాత్రిళ్లు దాని ముందే కూర్చుంటోంది.

వెనుక మూత విప్పి చూశాను. స్టిక్కర్ మీద ‘4జీబీ 1ఆర్‌ఎక్స్8 పీసీ4-2400టీ’ అని ఉంది, అంటే డీడీఆర్4 రకం ర్యామ్. పోయిన వారం ఇది చూడకుండానే దుకాణానికి వెళ్తే పాత రకమైన డీడీఆర్3ఎల్ అంటగట్టారు. గాడి వేరేచోట ఉండటంతో స్లాట్‌లో దిగనే లేదు. దుకాణంవాళ్లు తిరిగి తీసుకోబోమని చెప్పారు, డబ్బు పోయింది. ఇంకోసారి పోగొట్టుకునే స్థితిలో లేము.

ఇప్పుడు 16 జీబీలో 3200 వేగానిదే దొరుకుతోంది. అది 2400కు తగ్గి పనిచేస్తుందని తెలుసు. నా సందేహం 4, 16 జోడీ గురించే. 8 జీబీ వరకే డ్యూయల్ ఛానల్‌లో (రెండు ర్యామ్‌లూ ఒకేసారి పనిచేస్తూ వేగంగా) నడిచి, మిగతా 12 సింగిల్ ఛానల్‌లో నడిస్తే ఎమ్యులేటర్‌లో (ల్యాప్‌టాప్‌లోనే ఫోన్‌లా యాప్‌ను నడిపి చూపేది) ఆ తేడా తెలుస్తుందా? లేక 8 జీబీ వేస్తే చాలా? ముందుగా బయోస్ (ల్యాప్‌టాప్ ఆన్ కాగానే నడిచే మదర్‌బోర్డు సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయాలా? ఇలాంటి జోడీ వాడినవారు దయచేసి చెప్పండి.