బరంపురం వచ్చాక నా ఉంగరాల జుట్టుకి స్ట్రెయిటెనింగ్ చేయించుకోవాలా? తెలిసినవాళ్లు చెప్పండి

తెనాలి అమ్మాయి, ఇప్పుడు బరంపురం

అందరికీ నమస్కారం. పెళ్లయి నాలుగు నెలలైంది, తెనాలి నుంచి ఇక్కడికి వచ్చాను. ఒడియా ఇంకా రాదు, కూరగాయల బేరం వరకు వచ్చింది అంతే. నా జుట్టు బాగా ఒత్తు, నడుం దాకా ఉంటుంది, పుట్టుకతోనే ఉంగరాలు. ఊళ్లో అమ్మ ఆదివారం నూనె పెట్టి, కుంకుడుకాయతో తలంటి గట్టిగా జడేసేది, సరిపోయేది. ఇక్కడ సముద్రపు గాలికో నీళ్లకో తెలీదు, తల ఆరేలోపే జుట్టంతా పొంగిపోతోంది, దువ్వెన దిగడం లేదు. మా ఆయన వాళ్ల పిన్నిగారు నన్ను 'కుంచుకుంచియా' (ఉంగరాల జుట్టుదానా) అని ముద్దుగానే పిలుస్తారు, కానీ నలుగురిలో ఉన్న ప్రతిసారీ అదే మాట. ఫిబ్రవరిలో ఆడపడుచు పెళ్లి. పార్లర్‌లో స్మూతెనింగ్ 6,000, కెరాటిన్ 4,500 అన్నారు, జుట్టు పొడవు చూసి ఇంకా పెరగొచ్చట. రెండేళ్లుగా నెలకోసారి గోరింటాకు పొడి పెడుతున్నాను, అది అడ్డమా? ఏది మంచిదో చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.

బరంపురం, 22 ఏళ్లుగా

చెల్లీ, ముందు నువ్వు ఏ పార్లర్‌కి వెళ్తున్నావో, ఆ గదికి కిటికీ ఉందో లేదో చూడు. రేటు తర్వాత. ఎందుకు చెప్తున్నానంటే మాకు అనుభవమైంది.

ఇక్కడికొచ్చిన ఆరో ఏడు మేము ఒక ఇంట్లో పై వాటాలో అద్దెకుండేవాళ్లం. కింద ముందు గది ఇంటాయన బియ్యం కొట్టుకిచ్చాడు, అది ఖాళీ అయ్యాక పార్లర్‌కిచ్చాడు. ఏసీ పెట్టారు, ఏసీ చల్లదనం పోతుందని ఉన్న ఒక్క కిటికీ చెక్కతో మూసేశారు. గాలి పోవడానికి మిగిలిన దారి మా మెట్లే. వాళ్లు కెరాటిన్ చేసిన రోజు ఆ ఇస్త్రీ పెట్టె జుట్టు మీద లాగుతుంటే వచ్చే పొగ మెట్ల మీదుగా మా వంటింట్లోకి వచ్చేది. కళ్లు మండిపోయేవి, గొంతులో కారం పోసినట్టుండేది. మా బాబుకి అప్పుడు మూడేళ్లు, ముందే ఆయాసం ఉన్న పిల్లాడు. పెళ్లిళ్ల సీజన్‌లో వారానికి రెండు మూడు సార్లు వాడికి పిల్లికూతలు వచ్చేవి. రాత్రి పదకొండింటికి మెడికల్ కాలేజీకి రిక్షాలో పరిగెత్తిన రోజులు నేను మర్చిపోలేను. ఇంటాయన దగ్గరికి వెళ్తే 'కిచ్ఛి హెబొ నాహి' అన్నాడు, ఏమీ కాదట. నాలుగుసార్లు వెళ్లాను, నాలుగుసార్లూ అదే. కిటికీ తెరిపించమంటే కరెంటు బిల్లు నువ్వు కడతావా అన్నాడు. చివరికి ఇల్లు ఖాళీ చేశాం. వెళ్తూ వెళ్తూ గోడకి మేకులు కొట్టారని అడ్వాన్సులో సగం కోసేశాడు. ఆ మేకులు మాకు ముందున్నవాళ్లు కొట్టినవి!

ఆ పొగ ఏమిటో నాకు తర్వాత తెలిసింది, ఫార్మాల్డిహైడ్. శవాలు పాడవకుండా పెట్టే ఫార్మలిన్ ఉంటుందే, అదే మందు. దాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ కిందుండే క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2004లోనే మనుషులకి క్యాన్సర్ తెచ్చేవాటి జాబితాలో పెట్టింది. జుట్టు అందం కోసం ఆ గదిలో మూడు గంటలు కూర్చుంటావా అమ్మా?

పర్లాకిమిడి

అక్కయ్యగారూ, అడ్వాన్సు విషయంలో మీరు పొరపాటు చేశారు. ఇంట్లో దిగే రోజే గోడలు, కుళాయిలు, తలుపులు ఫోన్లో ఫోటో తీసి ఓనర్‌కి పంపాలి. అగ్రిమెంటు 11 నెలలకే రాయడం ఎందుకంటే ఏడాది దాటితే రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్టర్ చేయించాలి, ఆ ఖర్చు తప్పించుకోవడానికి. కానీ ఆ 11 నెలల కాగితంలోనే అడ్వాన్సు ఎప్పుడు, ఎంత తిరిగిస్తారో రాయించుకోవచ్చు. కొత్తగా వచ్చినవాళ్లందరూ ఇది గుర్తుపెట్టుకోండి, భాష రాదని సంతకం పెట్టేయకండి.

ఇక అమ్మాయి అడిగినదానికి: కెరాటిన్ అంటే ప్రొటీనే కదా, జుట్టు బలానికి పెట్టేదే. పొగ వస్తే కంపెనీ తేడా అయి ఉంటుంది. మా మరదలు రెండుసార్లు చేయించుకుంది, బాగానే ఉంది. ఏది చేయించుకున్నా బిల్లు మాత్రం తీసుకో తల్లీ. జుట్టు పాడైతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కి వెళ్లొచ్చు. మనం కట్టిన డబ్బు 5 లక్షల లోపైతే ఫీజు లేదు, రెండేళ్లలోపు వేయాలి, నువ్వు నివసించే జిల్లాలోనే వేయొచ్చు. 1915కి ఫోన్ చేసినా దారి చెప్తారు. ఢిల్లీలో ఒకావిడకి జుట్టు పాడు చేశారని 2021లో జాతీయ కమిషన్ 2 కోట్లు ఇమ్మంది!

రాయగడ, పదకొండేళ్లు పార్లర్ నడిపాను

అన్నయ్యా, ఆ 2 కోట్ల కథ సగమే చెప్పారు. అంత నష్టం జరిగిందనడానికి ఆధారం ఏదని 2023లో సుప్రీంకోర్టు ఆ మొత్తం కొట్టేసి, మళ్లీ విచారించమని పంపింది. అక్కడ తగాదా జుట్టు కత్తిరించడం గురించి మొదలైంది, స్ట్రెయిటెనింగ్ గురించి కాదు. పిల్లకి ఆశలు పెట్టకండి. పోయిన జుట్టు ఏ కమిషనూ ఇవ్వదు.

కెరాటిన్ ప్రొటీనే అనేది కూడా తప్పే. పేరులో ప్రొటీన్ ఉంది, జుట్టుని సాఫు చేసేది మాత్రం అందులోని ఫార్మాల్డిహైడో దాని చుట్టాలో. సీసా మీద మిథిలీన్ గ్లైకాల్, ఫార్మలిన్ అని ఉన్నా వేడి తగిలితే వచ్చేది అదే పొగ. 'ఫార్మాల్డిహైడ్ ఫ్రీ' అని రాసిన సీసాల్లో కూడా అది బయటపడిందని అమెరికా కార్మిక భద్రతా శాఖ 2011లో హెచ్చరిక ఇచ్చింది. దాన్ని తప్పించుకోవడానికి గ్లైఆక్సిలిక్ యాసిడ్‌తో కొత్తవి వచ్చాయి. అవి వాడి 2020, 21, 22లో మూడుసార్లు పార్లర్‌కెళ్లిన ఒకమ్మాయికి మూడుసార్లూ కిడ్నీలు దెబ్బతిన్నాయని 2024లో డాక్టర్ల పత్రికలో వచ్చింది. నేను కెరాటిన్ చేయడం మానేసింది నా సొంత దగ్గు వల్ల. రోజూ ఆ గదిలో నిలబడేది పని చేసే ఆడపిల్లలే, వాళ్ల గురించి ఎవరూ అడగరు.

అమ్మాయీ, ఇప్పుడు నీ ప్రశ్న. మూడు రకాల పనులు ఒకే పేరుతో అమ్ముతున్నారు, అక్కడే అందరూ మోసపోతున్నారు. ఇస్త్రీ పెట్టెతో సాగదీస్తే అది తడి తగిలేదాకే, గోపాల్‌పూర్ సముద్రపు గాలికి గంటలో మళ్లీ వంపు తిరుగుతుంది. కెరాటిన్ మూడు నాలుగు నెలల్లో కడుక్కుపోతుంది. రీబాండింగ్ వేరే, ఇప్పుడు స్మూతెనింగ్ అంటున్నది చాలాచోట్ల దాని తమ్ముడే. వెంట్రుక లోపల సల్ఫర్ బంధాలుంటాయి, ఉంగరం నిలబడేది వాటి మీదే. థయోగ్లైకోలేట్ మందుతో వాటిని తెంపి, వేడితో సాఫు చేసి, పెరాక్సైడ్ ఉన్న న్యూట్రలైజర్‌తో మళ్లీ అతికిస్తారు. మందు తగిలిన జుట్టుకి ఇక జన్మలో ఉంగరం రాదు. కుదుళ్ల నుంచి వచ్చేది మాత్రం నీ పాత ఉంగరమే, నెలకి దాదాపు ఒక సెంటీమీటరు. ఫిబ్రవరిలో చేయిస్తే ఆగస్టుకి పాపిట దగ్గర నాలుగు వేళ్ల మందాన ఉంగరాలు, కింద నిటారు. ఆ కలిసేచోటే జుట్టు విరుగుతుంది. అప్పుడు మళ్లీ పార్లర్, మళ్లీ డబ్బు. నా దగ్గరికొచ్చిన పిల్లల్లో ఒక్కసారితో ఆపినవాళ్లు చాలా తక్కువ.

గోరింటాకు అడ్డమే. ఉత్త ఆకైతే మందు సమానంగా దిగదు, ఒకచోట సాఫు, ఒకచోట వంకర. షాపు పొడిలో, ముఖ్యంగా నల్లదాంట్లో, లోహపు లవణాలుంటే పెరాక్సైడ్ తగిలినప్పుడు వేడెక్కి వెంట్రుక తెగిపోతుంది. చేతిలో పాయ పాయగా ఊడొచ్చిన జుట్టు నేను చూశాను. ఏ కంపెనీ పొడో కూడా తప్పకుండా చెప్పు. మెడ వెనక లోపలి పాయ ఒక్కదానికి ముందు చేసి చూపించమను. ఒప్పుకోకపోతే లేచి వచ్చేయి.

జయపురం

అందరూ కలిసి పిల్లని భయపెట్టేస్తున్నారు. నేను ఎనిమిదేళ్లుగా రీబాండింగ్ చేయించుకుంటున్నాను, ఏడాదికి ఒక్కసారి, కొత్తగా వచ్చిన కుదుళ్లకి మాత్రమే. పొద్దున ఆరింటికి స్కూల్ బస్సెక్కే టీచర్ని, నా జుట్టుకి గంట పెట్టలేను. నాకు ఆ గంట ముఖ్యం. ఉంగరాల జుట్టు అందమని చెప్పేవాళ్లెవరూ వచ్చి నా చిక్కు తీయరు. ఇష్టమైతే చేయించుకో చెల్లీ, మంచి చేతిలో చేయించుకో, అంతే. మూడు రోజులు తడపకు, ముడేయకు, చెవి వెనక్కి కూడా తోయకు.

రాయగడ

టీచరమ్మా, మీరు చేసేది సరైన పద్ధతే, కుదుళ్లకి మాత్రమే అన్నారు చూడండి, అది వంద మందిలో పదిమందికి కూడా చెప్పరు. మీరు గోరింటాకు పెట్టరు కదా, మీ జుట్టు వేరు, ఈ అమ్మాయిది వేరు. ఇంకొక మాట. అమెరికాలో 33,497 మంది ఆడవాళ్లని దాదాపు 11 ఏళ్లు చూసి 2022లో చెప్పారు: స్ట్రెయిటెనింగ్ అసలు వాడనివాళ్లలో 70 ఏళ్లకి గర్భసంచి క్యాన్సర్ 1.64 శాతం, ఏడాదికి నాలుగుసార్ల కన్నా ఎక్కువ వాడినవాళ్లలో 4.05 శాతం. దాని వల్లే వచ్చిందని తేల్చినట్టు కాదు, ఏడాదికొక్కసారి చేయించుకునే మీ లెక్కా అది కాదు. కానీ తరచుగా టచప్‌లు, అంటే కొత్తగా పెరిగిన జుట్టుకి మళ్లీ మళ్లీ మందు పెట్టించుకునేవాళ్లకి చెప్పాలి. పిల్లల కోసం చూస్తుంటే ముందు లేడీ డాక్టర్‌ని అడగడం కూడా మంచిది, కొత్తగా పెళ్లయింది కాబట్టి అంటున్నాను.

బల్లార్షా

మాకు మహారాష్ట్ర వైపు ఎండ పొడిగా ఉంటుంది, అక్కడ జుట్టు పొంగదు, విరుగుతుంది. ఇక్కడ మా పక్కింటి మరాఠీ అమ్మాయిలు 'కురళే కేస్' (ఉంగరాల జుట్టు) అని నా కూతురి జుట్టు చూసి ముచ్చటపడతారు. ఊరు మారితే జుట్టు మొదట్లో అలాగే ఏడుస్తుంది, కొంచెం ఆగండమ్మా.

పర్లాకిమిడి

కెరాటిన్ గురించి రాయగడ చెల్లెమ్మ చెప్పింది చదివాను. మా మరదలికి కూడా పంపాను, ఈసారి సీసా వెనక చూస్తానంది. బిల్లు మాట మాత్రం నేను వెనక్కి తీసుకోను.

బరంపురం, 22 ఏళ్లుగా

చెల్లీ, నేను పొగ గురించే చెప్పి నీ జుట్టు గురించి చెప్పనేలేదు, క్షమించు. నాకూ ఉంగరాలే. పొడి జుట్టు ఎప్పుడూ దువ్వకు. తలంటాక కండిషనర్ రాసి, అది ఉండగానే పెద్ద పళ్ల దువ్వెనతో చివర్ల నుంచి పైకి చిక్కు తీయి. టర్కీ టవల్‌తో రుద్దకు, మెత్తటి గాముచ్ఛాతో (నూలు తుండుగుడ్డతో) అద్దు. నీళ్లు కారుతుండగానే కొంచెం జెల్ కానీ, అవిసె గింజలు ఉడికించిన జిగురు కానీ రాసి అలా వదిలేయి, పూర్తిగా ఆరేదాకా చెయ్యి పెట్టకు. పొంగడం సగం తగ్గుతుంది. కుంకుడు ప్రతి వారం వద్దు, జుట్టు మరీ పొడిబారుతుంది. రాత్రి దిండుకి పట్టు గలేబు వేసుకో, నూలు గుడ్డ జుట్టుని పట్టి లాగుతుంది. పట్టుచీరలకి పేరున్న బరంపురంలో ఉండి పట్టు దిండు లేకపోతే ఎలా!

తెనాలి అమ్మాయి, ఇప్పుడు బరంపురం

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. నిన్న పార్లర్‌కి వెళ్లి సీసా చూపించమన్నాను, లోపల్నుంచి తేలేదు. మెడ వెనక పాయకి చేసి చూపించమంటే నవ్వారు. వచ్చేశాను. నేను పెట్టే పొడి పెట్టె తిప్పి చూస్తే గోరింటాకు కాక ఇంకో నాలుగు పేర్లున్నాయి, అది చూశాక చెయ్యి వణికింది. పెళ్లికి జుట్టు ఇలాగే పూలజడ వేసుకుంటాను. ఆ తర్వాత సంగతి వచ్చే ఏడాది, గోరింటాకు పెట్టిన జుట్టు కొంత కత్తిరించాక, టీచర్ అక్క చెప్పినట్టు ఆలోచిస్తాను. పిన్నిగారితో ఏమనాలో ఇంకా తెలీడం లేదు. అక్కా, పట్టు గలేబు ఎక్కడ దొరుకుతుంది?

బరంపురం, 22 ఏళ్లుగా

కొనకు. నా దగ్గర జరీ చిరిగిన పాత పట్టుచీరలున్నాయి, రెండు గలేబులు వస్తాయి. దిండు కొలత తీసుకుని ఆదివారం సాయంత్రం రా. పిన్నిగారిని కూడా తీసుకురా, నేను ఒడియాలో మాట్లాడతాను.